ఎన్ని మెతుకులు పట్టి చూడాలి?

స్టూడెంట్స్ టి-టెస్ట్ అనే పేరు మొదటిసారి విన్నప్పుడు మనలో చాలామంది అది స్టూడెంట్స్ కోసం పెట్టిన టెస్ట్ అనుకుంటారు. పుస్తకంలో పేరు ఉంటుంది, ఫార్ములా ఉంటుంది, చివరి పేజీల్లో టేబుల్ ఉంటుంది, మనిషి మాత్రం కనపడడు. మనం టి విలువ లెక్కకట్టి, టేబుల్‌తో పోల్చి, నల్ హైపోథిసిస్ రిజెక్ట్ అని రాసి కింద గీత గీస్తాం. మార్కులు పడతాయి. బీకాం, ఎంబీఏ, ఎకనామిక్స్ చదివే ఫ్రెండ్స్‌ని అడిగినా ఇదే కథ. ఆ స్టూడెంట్ ఎవరో, అతనికి ఈ లెక్క ఎందుకు కావాల్సి వచ్చిందో తెలిస్తే గీత గీసే ముందు ఇంకో ప్రశ్న వేయాలనిపిస్తుంది. అందుకే ఈసారి అతని గురించి.

అసలు పేరు విలియం సీలీ గాసెట్. 1876 జూన్ 13న ఇంగ్లండ్‌లోని కాంటర్బరీలో పుట్టాడు. తండ్రి సైన్యంలో రాయల్ ఇంజనీర్స్ విభాగంలో కల్నల్. కొడుక్కి కూడా అక్కడికే వెళ్ళాలని ఉండేది కానీ కళ్ళు సరిగ్గా లేవని తీసుకోలేదు. వించెస్టర్ స్కూల్, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజ్. అక్కడ లెక్కల్లో ఫస్ట్ క్లాస్, 1899లో కెమిస్ట్రీలో ఫస్ట్ క్లాస్. కెమిస్ట్రీలో ఫస్ట్ వచ్చిన కుర్రాడికి ఆ రోజుల్లో ఒక కొత్త దారి తెరుచుకుంది. డబ్లిన్‌లో గిన్నెస్ అనే బీర్ కంపెనీ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల నుంచి సైన్స్ గ్రాడ్యుయేట్లని తెచ్చుకుని బ్రూయర్లుగా పెట్టుకుంటోంది. అంటే ఒకరకంగా క్యాంపస్ ప్లేస్‌మెంట్. గాసెట్ 1899లో చేరాడు. చనిపోయేదాకా, 38 ఏళ్ళు, అదే కంపెనీ. మధ్యలో ఎక్కడా ప్రొఫెసర్ అవలేదు.

బీర్ కంపెనీ అనగానే కొందరికి నవ్వొస్తుంది. కానీ అప్పటికి గిన్నెస్ ప్రపంచంలోకెల్లా పెద్ద బ్రూవరీ. చిన్న వర్క్‌షాప్‌లో నాలుక మీద వేసి రుచి చూసి చెప్పే మేస్త్రీ సరిపోతాడు. అంత పెద్ద ఫ్యాక్టరీలో ఈ రోజు కాచిన సరుకు, రేపు కాచేది, ఆరు నెలల తర్వాత కాచేది ఒకేలా ఉండాలి. ముడిసరుకేమో పొలంలోంచి వస్తుంది. ఏ రెండు బస్తాలూ ఒకేలా ఉండవు.

మాల్ట్ అంటే మనకి రాగి మాల్ట్ గుర్తొస్తుంది. పద్ధతి దాదాపు అదే, గింజ మాత్రం బార్లీ. నానబెట్టి, మొలకెత్తించి, వేడి మీద ఆరబెడతారు. ఆ మాల్ట్‌ని పొడి చేసి వేడినీళ్ళలో వేస్తే గింజలోని పిండి చక్కెరగా మారి నీళ్ళలోకి దిగుతుంది. ఎంత దిగిందో డిగ్రీల్లో కొలుస్తారు. గిన్నెస్‌లో 168 పౌన్ల మాల్ట్‌కి 133 డిగ్రీల దగ్గర రావాలని లెక్క. ఎక్కువైతే పన్ను, ఖర్చు. తక్కువైతే తాగేవాడికి తెలిసిపోతుంది. అర డిగ్రీ అటూ ఇటూ అయితే పర్వాలేదు.

ఇప్పుడు సమస్య చూడండి. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు అంటారు మన ఇళ్ళల్లో. అన్నం విషయంలో అది నిజమే, ఎందుకంటే గిన్నె అంతా ఒకే నీళ్ళు, ఒకే మంట. వేర్వేరు ఊళ్ళ నుంచి, వేర్వేరు పొలాల నుంచి వచ్చిన బార్లీకి ఒక్క మెతుకు చాలదు. రెండు చాలా? నాలుగా? నలభయ్యా? ఒక్కో మెతుకు పట్టి చూడటానికి ల్యాబ్‌లో టైమ్ పడుతుంది, మనిషి జీతం పడుతుంది. కెమిస్టులు రెండు మూడు కొలతలు తీసి, వాటిలో తేడా వస్తే ఏది నమ్మాలో తెలియక గొడవ పడేవారు. గాసెట్‌కి లెక్కలు వచ్చు కదా అని ఆ గొడవలు నెమ్మదిగా అతని టేబుల్ మీదికి చేరాయి.

1904 నవంబర్‌లో కంపెనీ లోపల తిరగడానికి ఒక రిపోర్ట్ రాశాడు. కొలతల్లో వచ్చే తప్పుల సూత్రాన్ని బ్రూవరీ పనికి ఎలా వాడొచ్చు అన్నది విషయం. అందులో ఒక చిన్న లెక్క ఉంది, నా దృష్టిలో అతని జీవితం మొత్తం ఆ లెక్కలోనే ఉంది. ఒకే మాల్ట్‌ని రెండుసార్లు కొలిచి సగటు తీస్తే, అసలు విలువకి అర డిగ్రీ లోపు ఉండే అవకాశం 4కి 1. మూడుసార్లు కొలిస్తే 7కి 1. నాలుగైతే 12కి 1. అయిదైతే 19కి 1. ఎనభైరెండు కొలతలు తీస్తే ఇక అనుమానమే ఉండదు. అయితే కంపెనీకి ఎంత నమ్మకం కావాలి? 10కి 1 చాలనుకుంటే నాలుగు కొలతలతో ఆపెయ్యొచ్చు. ఎనభైరెండు తీయడం పిచ్చితనం. అంటే ఎన్ని మెతుకులు అనే ప్రశ్నకి జవాబు లెక్కల పుస్తకంలో పూర్తిగా దొరకదు. తప్పు చేస్తే ఎంత పోతుంది, ఇంకో కొలతకి ఎంత ఖర్చు అనేది పక్కన పెట్టుకుని చూడాలి. ఏ మేరకు నమ్మకం సరిపోతుందో చెప్పడానికి లెక్కలు బాగా తెలిసినవాళ్ళని ఒకసారి అడుగుదాం అని కూడా ఆ రిపోర్ట్‌లో పెట్టాడు.

ఆ లెక్కలు బాగా తెలిసినవాళ్ళలో అప్పట్లో పెద్ద పేరు కార్ల్ పియర్సన్. కోరిలేషన్, కై-స్క్వేర్ అంటే మనకి గుర్తొచ్చే ఆ పియర్సన్ గారే. 1905 జూలైలో సెలవులకి ఒక పల్లెటూళ్ళో ఉన్న ఆయన దగ్గరికి గాసెట్ సైకిలేసుకుని వెళ్ళాడు, ప్రశ్నలు ముందే పంపించి. కాసేపు కూర్చుంటేనే అప్పట్లో వాడకంలో ఉన్న పద్ధతులన్నిటికీ దారి దొరికిందట. మరుసటి ఏడాది కంపెనీయే అతన్ని ఒక సంవత్సరం పాటు యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో పియర్సన్ ల్యాబ్‌కి పంపింది. అప్పటికి గాసెట్‌కి ముప్పై ఏళ్ళు, అదే 1906లో పెళ్ళి కూడా అయింది. భార్య మార్జరీ ఇంగ్లండ్ మహిళల హాకీ టీమ్‌లో ఆడిన మనిషి. ఉద్యోగం, సంసారం ఉండి మళ్ళీ స్టూడెంట్ అయ్యాడన్నమాట. అప్లైడ్ స్టాటిస్టిక్స్ నేర్చుకోవడానికి అసలైన పద్ధతి ఇదేనేమో అనిపిస్తుంది నాకు. ముందు తలనొప్పి, తర్వాత పాఠం. మనకి ముందు పాఠం వస్తుంది, తలనొప్పి అంటే ఎగ్జామే.

లండన్‌లో అతనికి అర్థమైన విషయం ఏమిటంటే, పియర్సన్ గారి దగ్గర ఉన్న పనిముట్లన్నీ పెద్ద శాంపిళ్ళ కోసం తయారైనవి. ఆయన లోకంలో డేటా అంటే వందలు, వేలు. అంత డేటా ఉంటే శాంపిల్‌లో వచ్చిన స్టాండర్డ్ డీవియేషన్‌నే అసలుదిగా తీసుకున్నా పెద్దగా తేడా రాదు, నార్మల్ కర్వ్ వేసుకుని వెళ్ళిపోవచ్చు. బ్రూవరీలో నాలుగు కొలతలే ఉంటే? అప్పుడు సగటూ నమ్మకంగా ఉండదు, ఆ సగటు ఎంత ఊగుతుందో కొలిచే స్టాండర్డ్ డీవియేషన్ కూడా నమ్మకంగా ఉండదు. గుడ్డ కొలుస్తున్నాం, టేపు కూడా సాగుతోంది. నార్మల్ కర్వ్ వాడితే లేని ధైర్యం వచ్చేస్తుంది.

ఆ ఏడాది మొదట చేసింది ఈస్ట్ పని. బీర్‌లో పడే ఈస్ట్ కణాలు ఎన్ని ఉన్నాయో మైక్రోస్కోప్ కింద, గళ్ళు గీసిన గాజు పలక మీద లెక్కపెడతారు. 400 గళ్ళలో ఒక్కో గడిలో ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కలో తప్పు ఎంత ఉంటుందో 1907లో పేపర్ రాశాడు. మనం పాసాన్ డిస్ట్రిబ్యూషన్ అని చదివేది అందులో ఈస్ట్ రూపంలో ప్రత్యక్షమవుతుంది.

అసలు పేపర్ 1908 మార్చిలో బయోమెట్రికా అనే పత్రికలో వచ్చింది. సగటులో ఉండే తప్పు గురించి, చిన్న శాంపిల్‌కి. మన సీఎస్ఈ వాళ్ళు కాస్త ఆగి చూడాల్సింది ఇక్కడే. గాసెట్ ముందు ఆల్జీబ్రాతో ఒక కర్వ్ ఊహించాడు. పూర్తి రుజువు చేతిలో లేదు, మధ్యలో కొంత అంచనా ఉంది. సరైనదో కాదో ఎలా తెలియాలి? అంతకుముందే ప్రచురించిన ఒక డేటా ఉంది, ఇంగ్లండ్ జైళ్ళలోని 3,000 మంది నేరస్తుల ఎత్తు, ఎడమ చేతి మధ్యవేలు పొడవు. ఆ కొలతల్ని 3,000 అట్టముక్కల మీద రాశాడు. బాగా కలిపాడు. ఒక్కొక్కటీ తీసి వరసగా పుస్తకంలో ఎక్కించాడు. వరసలో ప్రతి నాలుగూ ఒక శాంపిల్. అలా 750 శాంపిళ్ళు. ప్రతి దానికీ సగటు, స్టాండర్డ్ డీవియేషన్, వాటి నిష్పత్తి, అన్నీ చేత్తో. చివరికి వచ్చిన ఆకారం, తను ఊహించిన కర్వ్ దగ్గర దగ్గరగా కలిశాయి.

దీన్నే మనం ఇప్పుడు సిమ్యులేషన్ అంటున్నాం. పైథాన్‌లో నాలుగు లైన్లు, ఎంటర్ కొట్టి వేలు తీసేలోపు అయిపోతుంది. కంప్యూటర్ అనే మాటకి లెక్కలు చేసే మనిషి అని అర్థం ఉన్న రోజుల్లో అతను అట్టముక్కలతో చేశాడు.

ఆ కర్వ్ నార్మల్‌లాగే గంట ఆకారంలో ఉంటుంది కానీ అంచులు లావు. ఎంత తేడా అంటే, 95 శాతం నమ్మకానికి నార్మల్‌లో 1.96 చాలు. నాలుగే కొలతలు ఉంటే 3.182 కావాలి. పది కొలతలకి 2.262. ముప్పై దాటితే 2 దగ్గరికి వచ్చేస్తుంది. డేటా తక్కువైతే ఎంత వినయంగా ఉండాలో ఈ అంకెలే చెప్తాయి. టేబుల్‌ని నిలువుగా చదివితే ఇది కనపడుతుంది. మనం ఎప్పుడూ ఒక్క గడి చూసి మూసేస్తాం.

పేరు సంగతి. గిన్నెస్ తన ఉద్యోగులు పేపర్లు రాయడాన్ని ఇష్టపడేది కాదు. కంపెనీ రహస్యాలు బయటికి పోతాయని భయం, స్టాటిస్టిక్స్ వాడి లాభపడుతున్నాం అన్నదే ఒక రహస్యం. సొంత పేరు ఉండకూడదు, కంపెనీ డేటా ఉండకూడదు అనే షరతు మీద ఒప్పుకున్నారు. అందుకే స్టూడెంట్. ఉదాహరణల్లో కూడా మాల్ట్ బదులు నిద్రమాత్రల డేటా కనపడుతుంది, పదిమంది రోగులు ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారు అని. తర్వాత అదే కంపెనీలో ఇంకొకాయన సోఫిస్టర్ అనే పేరుతో రాశాడు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో థర్డ్ ఇయర్, ఫోర్త్ ఇయర్ వాళ్ళని అలా పిలుస్తారు. ఆ ఆఫీసులో ఎవరికో హాస్యం బాగానే ఉంది.

పేపర్ వచ్చాక ఏమైంది? కొన్నేళ్ళ పాటు దాదాపు ఏమీ అవలేదు. పియర్సన్ గారికి చిన్న శాంపిళ్ళ మీద ఆసక్తి లేదు, అవి బ్రూవరీల బాధ అనుకున్నారు. 1912లో కేంబ్రిడ్జ్‌లో చదువుతున్న ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఒకడు స్టూడెంట్ కర్వ్‌కి పూర్తి రుజువు రాసి పంపాడు, బహుమితీయ జామెట్రీ వాడి. గాసెట్‌కి అది అంతుపట్టలేదు. సిగ్గుపడకుండా పియర్సన్‌కి పంపాడు, అక్కడా పెద్దగా చలనం లేదు. ఆ కుర్రాడు రోనాల్డ్ ఫిషర్. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ తెచ్చి, గాసెట్ జెడ్ అని రాసుకున్నదాన్ని ఇప్పటి టిగా మార్చి, 1925లో తన పుస్తకంలో పెట్టి లోకమంతా తిప్పింది ఫిషరే. కొత్త టేబుల్స్ కోసం లెక్కలు చేసి పెట్టింది గాసెట్, ఆఫీసు పని అయ్యాక. ఈ వంశం మన దాకా కూడా వచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివి కలకత్తా వెళ్ళిన సి.ఆర్.రావు గారు తర్వాత కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసింది ఫిషర్ దగ్గరే.

పియర్సన్‌కీ ఫిషర్‌కీ అస్సలు పడేది కాదు. ఆ గొడవ దశాబ్దాలు నడిచింది. ఇద్దరితోనూ స్నేహంగా ఉండగలిగిన మనిషి గాసెట్. ఉత్తరాలు రాసేవాడు, తోట పని, వడ్రంగం, చేపలు పట్టడం, పడవలు చేసుకోవడం. 1926లో పియర్సన్ కొడుకు ఈగన్‌కి రాసిన ఒక ఉత్తరంలో, ఫలితం అరుదైనది అన్నంత మాత్రాన నల్ హైపోథిసిస్‌ని వదలక్కర్లేదని, దానికంటే బాగా వివరించే వేరే మాట ఉంటేనే వదలాలని చెప్పాడు. మనం ఆల్టర్నేటివ్ హైపోథిసిస్ అని రాసే రెండో లైన్‌కి విత్తనం అదే. ఈగన్ పియర్సన్, నేమన్ దాన్ని సిద్ధాంతంగా కట్టారు.

లానార్క్‌షైర్ పాల కథ చెప్పకపోతే గాసెట్ గురించి చెప్పినట్టు కాదు. 1930లో స్కాట్లాండ్‌లోని ఆ జిల్లాలో 20,000 మంది స్కూలు పిల్లల మీద నాలుగు నెలలు ప్రయోగం చేశారు. పదివేల మందికి రోజూ ముప్పావు పైంటు పాలు, పదివేల మందికి లేవు. పాలు తాగినవాళ్ళు ఎంత ఎదిగారు అని చూడటం. ఖర్చు 7,500 పౌండ్లు. అంత పెద్ద శాంపిల్, ఇంకేం కావాలి? 1931లో స్టూడెంట్ పేరుతో వచ్చిన వ్యాసం ఆ ప్రయోగాన్ని విప్పి చూపించింది. పిల్లల్ని మొదట చీటీల ద్వారానో పేర్ల వరుసనో ఎంచినా, రెండు గుంపులు సమానంగా లేవనిపిస్తే మార్చుకునే వీలు టీచర్లకి ఇచ్చారు. టీచర్లు మంచివాళ్ళు. బక్కపిల్లలని చూస్తే జాలి. తెలిసో తెలియకో పాల గుంపులోకి పేదపిల్లల్ని తోశారు. ఫలితంగా పాలు తాగని గుంపు మొదటి రోజునే ఎత్తులో, బరువులో కొన్ని నెలల ఎదుగుదలంత ముందుంది. దీనికి తోడు పిల్లల్ని ఫిబ్రవరిలో, జూన్‌లో బట్టలతోనే తూచారు. చలికాలం బరువులో స్వెట్టర్లు, కోట్లు ఉన్నాయి. ఎండాకాలానికి అవి పోయాయి. ఉన్నవాళ్ళ పిల్లలకి ఎక్కువ పోయింది, పేదపిల్లలకి చలికాలంలోనూ అంత బట్ట లేదు కాబట్టి తక్కువ పోయింది. పాల గుంపులో పేదపిల్లలు ఎక్కువైతే, పాల వల్ల పెరిగినట్టు కనపడే బరువులో కొంత కోటు బరువే.

అతను చెప్పిన ప్రత్యామ్నాయం ఇంకా బాగుంది. 50 జతల ఒకేలాంటి కవలల్ని తీసుకుని, జతలో ఒకరికి పాలు ఇచ్చి ఒకరికి ఇవ్వకుండా చూస్తే, ఈ 20,000 మంది కంటే నమ్మకమైన జవాబు ఆ ఖర్చులో చిన్న ముక్కతో వస్తుంది. బిగ్ డేటా అనే మాట వినగానే మనకి వచ్చే ఊపు మీద ఇది కొంచెం చన్నీళ్ళు పోస్తుంది. కోటిమంది యూజర్ల మీద ఎ/బి టెస్ట్ చేస్తే ఎంత పనికిరాని తేడా అయినా స్టాటిస్టికల్లీ సిగ్నిఫికెంట్ అయిపోతుంది. బటన్ రంగు మారిస్తే కంపెనీకి ఎన్ని రూపాయలు వచ్చాయి, మార్చడానికి ఎన్ని పోయాయి అనేది పి-వాల్యూ చెప్పదు. 5 శాతం దగ్గర గీత పెట్టడం ఫిషర్ పుస్తకం వల్ల అలవాటైంది. గాసెట్ అలా ఒకే గీత పట్టుకుని కూర్చోలేదు. పందెం ఎంతో చూసి నమ్మకం ఎంత కావాలో నిర్ణయించేవాడు.

ఫిషర్‌తో అతనికి వచ్చిన ఒకే ఒక పెద్ద తగాదా కూడా పొలంలోనే. ఐర్లాండ్‌లో రైతుల పొలాల్లో బార్లీ రకాల్ని పోల్చే ప్రయోగాలు అతను ఎన్నో ఏళ్ళు చూశాడు. ఏ మడిలో ఏ రకం వేయాలో చీటీ తీసి నిర్ణయించాలి అని ఫిషర్ పట్టు. పొలంలో ఒకవైపు నేల బలంగా, ఇంకోవైపు బలహీనంగా ఉంటుందని రైతుకి ముందే తెలుసు, చీటీ వల్ల ఒక రకం మొత్తం మంచినేల మీద పడితే ఏం లాభం, రెండు రకాల్నీ పక్కపక్కన పట్టీలుగా వేద్దాం అని గాసెట్. పాల ప్రయోగంలో మనుషుల ఎంపికని తప్పుపట్టిన మనిషే పొలంలో చీటీ వద్దనడం మొదట వింతగా ఉంటుంది. కానీ రెండు చోట్లా అతను అడిగింది ఒకటే, పోల్చే రెండూ నిజంగా జత కుదిరాయా అని. నాకైతే ఫిషర్ వాదనే బలంగా కనపడుతుంది, చరిత్ర కూడా ఎక్కువగా అటే మొగ్గింది. అయినా ఒక్క పొలంలో ఒక్క ఏడాది వచ్చిన ఫలితం చూసి కంపెనీ విత్తనం మార్చదు, చాలా ఊళ్ళలో చాలా ఏళ్ళు చూడాలి అన్న గాసెట్ మాటకి ఎదురు చెప్పడం కష్టం.

1935లో లండన్ పార్క్ రాయల్‌లో గిన్నెస్ కట్టిన కొత్త బ్రూవరీ చూసుకోవడానికి డబ్లిన్ వదిలి వచ్చాడు. పని పెరిగింది, స్టాటిస్టిక్స్‌కి టైమ్ తగ్గింది. అయినా ఫిషర్‌కి జవాబుగా పొలాల పేపర్ రాస్తూనే ఉన్నాడు. 1937లో హెడ్ బ్రూయర్ అయ్యాడు. అదే ఏడాది అక్టోబర్ 16న గుండెపోటుతో పోయాడు, 61 ఏళ్ళకి. పొలాల పేపర్ మరుసటి ఏడాది బయోమెట్రికాలో వచ్చింది. దాని మీద కూడా పేరు స్టూడెంట్ అనే ఉంది.